గుల్మార్గ్‌లో ఒక్కరోజు స్కీ టూరింగ్, మంచుచరియల కోర్సు: గుంటూరులో ఉండగానే నేర్చుకోదగ్గవి

మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరు, విజయవాడ నుంచి నలుగురు ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నారు. ఇద్దరు నిరుడు అక్కడే వారం రోజుల స్కీయింగ్ నేర్చుకున్నారు, మిగతా ఇద్దరికి మంచు చూడటమే కొత్త. గైడు వెంట ఉండే ఒక్కరోజు స్కీ టూరింగ్, మంచుచరియల భద్రత కోర్సులో నలుగురూ చేరాలనుకుంటున్నారు. స్కీ టూరింగ్ అంటే స్కీల మీదే కొండ ఎక్కి, మళ్లీ వాటి మీదే దిగడం. ఆ ఒక్కరోజు సరిపోతుందా, ఏం కొనాలి, ఇక్కడ ఉండగా ఏం చేసుకోవాలి అని అడిగారు.

ముందు ఆ కొత్త ఇద్దరి సంగతి. వాళ్లు ఈ కోర్సులో చేరకూడదు. టూరింగ్‌లో ఎక్కడం కష్టం అనుకుంటారు కానీ అసలు చిక్కు దిగడంలో వస్తుంది. యంత్రంతో చదును చేయని మంచు, వీపు మీద ఏడెనిమిది కిలోల బరువు, అప్పటికే అలిసిన కాళ్లు. గైడు "ఆ చెట్టు దగ్గర ఆగండి" అంటే కచ్చితంగా ఆ చెట్టు దగ్గరే ఆగగలగాలి. అది చేతకానివాళ్లు ఒక్కరున్నా మొత్తం బృందం ప్రమాదకరమైన వాలు కింద నిలబడి ఎదురుచూడాల్సి వస్తుంది. వాళ్లిద్దరూ గుల్మార్గ్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్‌లో గానీ, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి ఇన్‌స్టిట్యూట్‌లో గానీ ప్రాథమిక కోర్సు ముందు చేయాలి. టూరింగ్ ఆ తర్వాతి ఏడు.

ఇక మీ ఇద్దరికి. ఒక్కరోజులో మంచును చదవడం రాదు. రాత్రి గాలి ఎటు వీచింది, మూడు వారాల కిందట కురిసిన పొర ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, మధ్యాహ్నం ఎండకు ఏమవుతుంది అన్నవి చలికాలమంతా అక్కడే ఉండేవాళ్లకు తెలిసే విషయాలు. ఏడాదికి ఒక వారం వెళ్లే మనకు ఆ చూపు రాదు, వచ్చిందనుకోవడం ప్రమాదం కూడా. కానీ కొండ వాలు ఎంత అన్నది మాత్రం గాలివానలతో మారదు. దాన్ని కొలవడం గుంటూరులోనే నేర్చుకోవచ్చు. అందుకే నా సలహా ఏమిటంటే, బీకన్ల (మంచులో పూడుకున్నవాళ్లను వెతకడానికి ఒంటికి కట్టుకునే రేడియో పరికరాల) మోడళ్ల మీద పెట్టే సమయంలో సగం వాలు కొలవడం మీద పెట్టండి.

కారణం ఇది. మనుషుల్ని చంపే మంచుచరియల్లో ఎక్కువ భాగం పలక రకానివి. గట్టిపడిన మంచు పలక పైన, దాని కింద పట్టులేని బలహీన పొర, ఆ కింద జారుడు తలం. మనిషి బరువుకు బలహీన పొర ఒకచోట కూలితే ఆ కూలడం క్షణాల్లో పక్కలకు పాకి పలక మొత్తం తెగిపోతుంది. ఇది జరగడానికి వాలు తగినంత ఉండాలి. పలక మంచుచరియలు దాదాపు అన్నీ 30 నుంచి 45 డిగ్రీల మధ్య మొదలవుతాయి, ఎక్కువ భాగం 38 చుట్టుపక్కల. 30 లోపు వాలు మీద, పైన గానీ పక్కన గానీ అంతకన్నా నిటారు వాలు ఆనుకుని లేనిచోట ఉంటే, మంచు ఎంత చెడ్డగా ఉన్నా మీ ప్రమాదం చాలా మటుకు తగ్గిపోతుంది. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో నూటికి తొంభై దాకా ఆ చరియను కదిలించింది బాధితుడో అతని వెంట ఉన్నవాళ్లో. అంటే చాలావరకు అది మన నెత్తిన వచ్చి పడేది కాదు, మనం వెళ్లి కదిలించేది.

30 డిగ్రీలంటే ఎంతో కంటికి తెలియాలంటే ఇంటి మెట్ల దగ్గర టేపు పట్టండి. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు అయితే ఆ మెట్ల వాలు 31 డిగ్రీలు. 7, 10 అయితే 35. పాత డాబాల మీదికి పోయే ఇరుకు మెట్లు 8, 9 ఉంటే దాదాపు 42. మనం రోజూ బిందెలు మోసుకుంటూ ఎక్కే మెట్లు కూడా మంచుచరియ పుట్టే వాలులోనే ఉన్నాయన్నమాట. మంచు మీద అలాంటి వాలు భయపెట్టేలా కనిపించదు, స్కీయింగ్‌కు బాగుందే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

తర్వాత మంగళగిరి కొండ, కొండపల్లి, కొండవీడు ఘాట్ రోడ్డు పక్క వాలులు. ఉదయం ఏడులోపు వెళ్లండి. ముందు కంటితో అంచనా చెప్పాలి, ఆ తర్వాతే కొలవాలి. ఎదురుగా నిలబడి చూస్తే వాలు ఉన్నదానికన్నా నిటారుగా తోస్తుంది, పక్క నుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మీ అంచనా, కొలత మధ్య తేడా మూడు డిగ్రీల లోపుకు వచ్చేదాకా చేయండి. ఫోన్‌లో వాలు చూపే యాప్ చాలు, కానీ ఫోన్‌ను నేరుగా నేల మీద పెట్టకండి. ఎగుడుదిగుడు మీద అది ఆ గుంత వాలు చెబుతుంది, కొండ వాలు కాదు. వాలు వెంట పొడుగ్గా ఒక కర్ర పరిచి దాని మీద ఫోన్ అంచు ఆనించాలి.

చలికి ఫోన్ ఆగిపోతుంది కాబట్టి కర్రల పద్ధతి కూడా రావాలి. ఒకే పొడవున్న రెండు స్కీ పోల్స్ తీసుకోండి. ఒకదాన్ని వాలు వెంట కిందికి పరిచి మంచులో దాని అచ్చు పడేలా నొక్కండి. ఇప్పుడు దాని మొన పై గుర్తు దగ్గరే ఉంచి, పిడి ఉన్న చివరను పైకి లేపండి. ఆ పిడి దగ్గర రెండో పోల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని నిలువుగా వేలాడనివ్వండి. లేపిన పోల్‌ను మెల్లగా దించుతూ ఉంటే వేలాడేదాని మొన మంచుకు తగులుతుంది. కింది గుర్తు మీదే తగిలితే 30 డిగ్రీలు. గుర్తు దాటి ఇంకా కిందికి తగిలితే వాలు ఎక్కువ, ప్రతి 10 సెంటీమీటర్లకూ సుమారు మూడు డిగ్రీలు కలపండి. గుర్తుకు పైన తగిలితే 30 కన్నా తక్కువ. నిర్మాణాల దగ్గర పోసిన ఎండు ఇసుక గుట్ట మీద రెండు వెదురు కర్రలతో దీన్ని సాధన చేయవచ్చు.

యాప్‌ల మ్యాపుల్లో వాలును రంగుల్లో చూపిస్తారు. అవి ప్రణాళికకు పనికొస్తాయి, నిర్ణయానికి కాదు. మన హిమాలయాలకు మామూలుగా దొరికే ఎత్తుల డేటా 30 మీటర్ల గడులది. పదిహేను మీటర్ల చిన్న నిటారు మెట్టు అందులో కలిసిపోయి ఆ చోటు 27 డిగ్రీలుగా కనబడవచ్చు. మనిషిని పూడ్చడానికి అంత చిన్న వాలు చాలు, దాని కింద వాగు గుంత ఉంటే మరీను. మంచు పలచగా పరుచుకునే చోటు లేక గుంతలో లోతుగా పేరుకుంటుంది.

గుల్మార్గ్ గురించి కొన్ని మాటలు. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. 1998లో మొదలైన గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) మొదటి దశ కొంగ్‌దూరీ దాకా, 2005లో మొదలైన రెండో దశ అఫర్‌వట్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. గొండోలా దగ్గరి కొంత ప్రాంతాన్ని మాత్రమే స్కీ పెట్రోల్ (భద్రత చూసే సిబ్బంది) చూసుకుంటుంది. తాడు దాటితే ఎవరి బాధ్యత వారిదే. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ ఈ కొండ మీదే చనిపోయారు. నేర్పేవాళ్లు వెంట ఉంటే ఏమీ కాదన్న ధీమా కూడా వద్దు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 మీద ఉత్తరకాశీ నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ బృందం మంచుచరియలో చిక్కుకుంది. శిక్షకులు కూడా ఆ బృందంతోనే ఉన్నారు.

అక్కడ పెద్ద మంచు పశ్చిమ దిశ నుంచి వచ్చే వాతావరణ అలజడులతో కురుస్తుంది. రెండు మూడు రోజులు కురిసి, ఒక పొద్దున ఆకాశం నీలంగా విచ్చుకుంటుంది. అందరూ పైకి పరుగెత్తే రోజు అదే, ప్రమాదం ఎక్కువగా ఉండే రోజూ అదే. కొత్త మంచు కురిసిన 24 నుంచి 48 గంటలు అతి జాగ్రత్త. ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు పడితే, దానికి గాలి తోడైతే, టూర్ మానుకోవడమే సరైన నిర్ణయం. గాలి ఒక వైపు మంచును తోడుకెళ్లి శిఖరం అవతలి వాలు మీద పోస్తుంది, ఆకాశం నుంచి పడకపోయినా అక్కడ అరమీటరు పేరుకోవచ్చు. డీఆర్‌డీవో కింద ఉన్న డీజీఆర్ఈ అనే పరిశోధన సంస్థ మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. మంచు మీద పరిశోధన చేసే పాత సంస్థ సాసే 2020లో ఇందులోనే కలిసింది. ఆ హెచ్చరిక ఒక పెద్ద ప్రాంతానికి ఇచ్చేది, మీరు నిలబడ్డ వాలుకు కాదు. రోజూ చూడండి, గైడుతో దాని గురించి మాట్లాడండి.

నడుస్తుంటే కాలి కింద "ధబ్" మని మంచు కూలిన చప్పుడు వినిపించినా, స్కీ ముందు నుంచి పగులు గీతలా పాకినా, దగ్గర్లో తాజాగా జారిన చరియ కనిపించినా ఇక చర్చ అక్కర్లేదు. 30 డిగ్రీలు దాటిన వాలు ఆ రోజుకు వదిలేయాలి. గుంత తవ్వి పొరలు చూసే పరీక్షలు కోర్సులో చూపిస్తారు, ఆసక్తిగా ఉంటాయి. కానీ పరీక్షలో పలక జారలేదు కాబట్టి వాలు భద్రం అన్న లెక్క ఎప్పుడూ వేయకండి. పది అడుగుల అవతల పొర వేరుగా ఉండవచ్చు.

ఇప్పుడు వెతుకులాట. మంచులో పూడుకున్నవాళ్లను పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. ఊరి నుంచి సహాయం ఆ లోపు రాదు, బతికించాల్సింది పక్కనున్న స్నేహితుడే. కోర్సులో కనీసం మూడు గంటలు దీని మీదే పెడతారో లేదో డబ్బు కట్టకముందే అడగండి. ఒక గైడుకు ఆరుగురికి మించి ఉంటే ఆ కోర్సు వద్దు. ఒక్కొక్కరికీ బీకన్, ప్రోబ్ (మంచులోకి గుచ్చి మనిషిని వెతికే పొడవాటి కడ్డీ), పార ఇస్తారా, బీకన్ మూడు యాంటెన్నాల డిజిటల్‌దేనా, ఆ రోజు ఎంత వాలు దాకా తీసుకెళ్తారు, మంచు బాగోలేకపోతే బదులు ఏం నేర్పుతారు అని అడగండి. ఆఖరి ప్రశ్నకు వెంటనే స్పష్టమైన జవాబు వచ్చిందంటే మంచి గైడని నమ్మొచ్చు.

బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, ఏ కంపెనీదైనా ఇంకో కంపెనీదాన్ని పట్టుకుంటుంది. లోపలి బట్ట మీద పట్టీలతో కట్టుకోవాలి, సంచిలో కాదు. ఫోన్ దానికి 20 సెంటీమీటర్లు దూరం, వెతికేటప్పుడు 50. గుండె మీది జేబులో ఫోన్ పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఆ రోజు దాన్ని ప్యాంటు జేబులోకి మార్చండి. కంపెనీ చెప్పిన రకం బ్యాటరీలే వేయాలి. చాలా మోడళ్లకు అవి ఆల్కలైన్ బ్యాటరీలు. రీచార్జి సెల్స్ చాలాసేపు నిండుగా చూపించి ఒక్కసారిగా పడిపోతాయి.

చరియ ఆగగానే చేసేది ఇదీ. మనిషి ఆఖరున ఎక్కడ కనిపించాడో ఆ చోటు నుంచి కంటి చూపు తీయకూడదు. పైన ఇంకో చరియ వేలాడుతోందా చూడాలి. ఒకరు 112కు ఫోన్ చేయాలి, ఆ ఒకరితో సహా అందరూ బీకన్లను వెతికే మోడ్‌లోకి మార్చాలి. ఒక్కరు మరిచినా అందరూ ఆ బతికున్న మనిషి వైపే పరుగెత్తుతారు. మొదటి సిగ్నల్ దొరికేదాకా 40 మీటర్ల వెడల్పు పట్టీలుగా, కళ్లతో చేతి తొడుగో స్కీయో వెతుకుతూ వేగంగా పోవాలి. సిగ్నల్ దొరికాక బాణం చూపిన దారిన, అంకె తగ్గే వైపు. దారి వంకరగా తిరుగుతుంది, అది బీకన్ తప్పు కాదు, అయస్కాంత రేఖలు అలాగే వంగి ఉంటాయి. 10 మీటర్ల నుంచి నెమ్మది. 3 మీటర్ల లోపు బీకన్‌ను మంచుకు ఆనించి, దిశ తిప్పకుండా, ముందుకీ వెనక్కీ, ఆపైన కుడికీ ఎడమకీ జరపాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. కంగారులో బీకన్‌ను తిప్పుతారు, అంకెలు గెంతుతాయి, మళ్లీ మొదటికి వస్తారు. అతి తక్కువ అంకె వచ్చినచోట ప్రోబ్ దింపాలి, మంచు తలానికి లంబంగా. దొరక్కపోతే 25 సెంటీమీటర్ల దూరంలో చుట్టూ సుడిలా పొడుస్తూ పోవాలి. తగిలిందా, ప్రోబ్ తీయకూడదు.

తవ్వడంలోనే ఎక్కువ సమయం పోతుంది. జారిన మంచు ఆగగానే గట్టిపడుతుంది. మీటరు లోతున ఉన్న మనిషి కోసం టన్నుకు పైగా మంచు తీయాలి. అందుకే ప్రోబ్ మీద నుంచి నేరుగా బావిలా తవ్వకూడదు. లోతు ఎంతో దానికి ఒకటిన్నర రెట్లు వాలు కిందికి జరిగి, అక్కడి నుంచి మనిషి వైపు అడ్డంగా తవ్వుకుంటూ పోవాలి. ముందు ఒకరు కోస్తే వెనకవాళ్లు తెడ్డేసినట్టు మంచును వెనక్కి తోస్తారు. రెండు నిమిషాలకొకసారి ముందువాళ్లు మారాలి. పార రేకు లోహంది అయి ఉండాలి, ప్లాస్టిక్ ఆ గట్టి మంచు మీద విరుగుతుంది. తల దొరకగానే నోరు, ముక్కు శుభ్రం చేసి, ఛాతీ మీది బరువు తీయాలి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇవ్వడం తప్పనిసరి. ఇక్కడ చావు ఎక్కువగా ఊపిరాడకే వస్తుంది కాబట్టి ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు. ఆ సీపీఆర్ శిక్షణ విజయవాడలోనే తీసుకుని వెళ్లండి.

రెండు బీకన్లు అద్దెకో అరువుకో దొరికితే ఇక్కడే సాధన చేయవచ్చు. కృష్ణ ఒడ్డున నీళ్లు లేని, మనుషులు తిరగని ఇసుక తిన్నె మీద, కరెంటు తీగలకు దూరంగా. ఖాళీ మిర్చి టిక్కీ గోనెలో పాత దుప్పట్లు కుక్కి, మధ్యలో ప్లాస్టిక్ డబ్బాలో బీకన్ పెట్టి అరమీటరు లోతున పూడ్చండి. ప్రోబ్ గోనెకు తగిలినప్పుడు మెత్తగా వెనక్కి తన్నినట్టుంటుంది, రాయికి తగిలితే చేయి జివ్వుమంటుంది. ఆ తేడా చేతికి ఎక్కాలి. గడియారం పెట్టుకుని నాలుగు నిమిషాల్లో ప్రోబ్ తగిలేదాకా చేయండి. ఆటకైనా మనిషిని ఇసుకలో పూడ్చకండి, గుంత అంచులు కూలతాయి. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలే రోజుల్లో అసలు దిగవద్దు.

ఎక్కడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గైడు చూపిస్తాడు. స్కీని ఎత్తకుండా మంచు మీదే జార్చాలి. ఎక్కేటప్పుడు బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచేది) ముందు భాగం లాక్‌లో ఉండాలి, దిగేముందు ఆ లాక్ తప్పకుండా తీయాలి. తీయకపోతే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు పోతుంది. బూటు ముందు చిన్న గుంతల్లో మంచు గట్టిపడితే పిన్ను సరిగా కూర్చోదు, ప్రతిసారీ గీకి చూడండి. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే స్కిన్ అనే పట్టీని తీసినప్పుడల్లా జాకెట్ లోపల పెట్టుకోండి, జిగురు చల్లబడితే తిరిగి అంటదు. అప్పుడు పనికొచ్చేవి రెండు రబ్బరు పట్టీలు. బూటు సైజుకు గోడకు మడమ ఆనించి కాలు పొడవు సెంటీమీటర్లలో కొలవండి. 26.5 వస్తే బూటు సైజు కూడా 26.5. ఆ అంకె ముందే పంపితే అద్దెకు సరైనది ఉంచుతారు. అసలు మొదటి ఏడాది ఏమీ కొనకండి, కొనాలనిపిస్తే బీకన్ ఒక్కటి.

రోజుకు 600 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే కోర్సుకు సరిపోతుంది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ 15 మీటర్లు అనుకుంటే నలభై సార్లు. ఒక్కరోజులో కాదు, ఆరు వారాల్లో అక్కడికి చేరండి. దిగడం కూడా మెట్ల మీదే దిగండి, లిఫ్టులో కాదు, తొడలకు స్కీయింగ్‌లో పడే భారం అలాంటిదే. మన ఊళ్లు సముద్రమట్టానికి కాస్త ఎత్తులో ఉన్నవి. అక్కడి నుంచి ఒక్కరోజులో గుల్మార్గ్ చేరతారు కాబట్టి రెండు రాత్రులు కింద పడుకున్నాకే రెండో దశ గొండోలా ఎక్కండి. తలనొప్పి, వాంతి వస్తే ఆ రోజు పైకి వెళ్లొద్దు.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకాశ్మీర్‌లో పనిచేయవు. నలుగురిలో ఇద్దరి దగ్గరైనా, వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ ఉండాలి. విదేశీ వీడియోలు చూసి సాటిలైట్ ఫోన్ గానీ, సాటిలైట్ ద్వారా సందేశాలు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ గానీ తీసుకెళ్లకండి, లైసెన్స్ లేకుండా వాటిని వాడితే మన దేశంలో కేసు అవుతుంది. ఇన్సూరెన్స్ పాలసీలో గుర్తించిన దారి బయట చేసే స్కీయింగ్‌ను మినహాయించారా, ఎత్తు పరిమితి ఉందా చూసి, కంపెనీ చేత మెయిల్‌లో రాయించుకోండి.

ఒక విషయం బయల్దేరకముందే నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి. విమానం టికెట్లు, సెలవులు, అద్దెలు కలిసి పెద్ద మొత్తం అవుతుంది. అక్కడికెళ్లాక "ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి వాలు చూసి వెనక్కి పోతామా" అన్న మాట ఎవరో ఒకరి నోట తప్పక వస్తుంది. పైకి వెళ్లినవాళ్లలో ఎవరు వద్దన్నా, కారణం అడక్కుండా అందరూ వెనక్కి తిరగాలి. వద్దన్నవాళ్లను ఆ సాయంత్రం ఎవరూ ఆటపట్టించకూడదు, లేకపోతే మర్నాడు ఎవరూ నోరు విప్పరు. వయసులో చిన్నవాళ్లకు అన్నల మాట కాదనడం మనలో మరీ కష్టం, కాబట్టి గైడు అభిప్రాయం అడిగినప్పుడు అందరికన్నా చిన్నవాళ్లతో ముందు చెప్పించండి.

స్కిన్లు సొంతంగా కొన్నట్టయితే తిరిగొచ్చాక నీడలో ఆరబెట్టి, జిగురు వైపు వాటితో వచ్చిన జాలీ గుడ్డ వేసి మడిచి, ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. గుంటూరు మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే జిగురు కరిగి స్కీకి, గుడ్డకు అంటుకుపోతుంది. బీకన్‌లోంచి బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. లోపల లీకైతే కాంటాక్టులు పాడవుతాయి, మళ్లీ డిసెంబరులో తీసేదాకా ఆ సంగతి తెలియదు.